నిప్పు పుట్టించడం తర్వాత, ముందు నిప్పు దాచడం నేర్చుకో

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఫిబ్రవరి చివర్లో ముగ్గురు దోస్తులు కలిసి తాడ్వాయి అడవిలో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నారట. అగ్గిపెట్టె, లైటర్ లేకుండా నిప్పు చేయాలి, అడవిలో దొరికిన ఆకులు, కాయలు, దుంపలతో కడుపు నింపుకోవాలి. వీడియోలు చూసి విల్లుతో కర్ర తిప్పుతున్నాడు, పొగ వస్తోంది గానీ నిప్పు రావడం లేదు. ఏ కర్ర వాడాలి, ఏ మొక్కలు తినొచ్చు, ఏం కొనుక్కోవాలి అని అడిగాడు.

తమ్ముడూ, నేను ములుగు చుట్టుపక్కల బడుల్లో 22 ఏళ్లు సారుగా చేశాను. పుట్టింది నర్సంపేట దగ్గర, పాకాల అడవికి ఆనుకుని ఉన్న ఊర్లో. చిన్నప్పుడు మేకలు కాశాను. నాకు తెలిసిందాంట్లో కొంత మా నాయనమ్మ దగ్గర వచ్చింది, ఎక్కువ నా బడి పిల్లల దగ్గర వచ్చింది. ఇంటర్వెల్‌కి పోయి వచ్చిన కోయ పిల్లల పెదాల రంగు చూసి ఏ చెట్టు కింద ఆడి వచ్చారో చెప్పగలిగేవాణ్ని. నా అర్హత అంతే, పెద్ద సర్వైవల్ నిపుణుణ్ని ఏమీ కాదు.

ముందు నీకు నచ్చని మాట చెప్పేస్తాను. ఫిబ్రవరి చివర్లో అడవిలో మంట వద్దు. తాడ్వాయి వైపు అడవి ఏటూరునాగారం అభయారణ్యం. అక్కడ అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేసినా, మండే నిప్పు వదిలిపోయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం. అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండటం కూడా కుదరదు. చట్టం సంగతి అటుంచి నేల చూడు. అప్పటికి టేకు ఆకు అంతా రాలి ఉంటుంది. ఒక్కో ఆకు విస్తరంత, కాలు పెడితే అప్పడంలా పలుకుతుంది. ఆ ఆకుల మీద రవ్వ పడితే మంట పైకి లేవదు, నేల మీద పాకుతుంది. దూరం నుంచి చూస్తే పెద్దగా ఏమీ కాలినట్టే ఉండదు. కానీ మోకాలెత్తు టేకు, మద్ది, మొర్రి మొలకలన్నీ మాడిపోతాయి. పెద్ద చెట్లు మిగిలి, వాటి కింద పిల్ల చెట్టు అన్నది లేని అడవి అలా తయారవుతుంది. ఇక్కడి అడవి మంటల్లో పిడుగు పడి వచ్చేవి నేను చూడలేదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టేవాళ్లు, తునికాకు చిగురు బాగా రావాలని పొదలు కాల్చేవాళ్లు, బీడీ పారేసేవాళ్లు. అంతా మనుషుల పనే. మీరు ముగ్గురూ ఆ లెక్కలోకి చేరొద్దు.

మరి ఎక్కడ నేర్చుకోవాలంటే, మీ ఊర్లో. పత్తి పీకేసిన చెలక, ఇంటి వెనక పెరడు, బావి గడ్డ. చుట్టూ నాలుగు గజాలు ఊడ్చి, పక్కన బిందె నీళ్లు పెట్టుకుని మొదలుపెట్టు. అడవికి పో, బస ఏర్పాట్లు ఉన్నచోట ఉండు, చెట్లు చూడు. మంట మాత్రం ఊర్లో. ఆరుబయట వంట ఎలా చేస్తారో చూడాలంటే మేడారం జాతరకు మించిన బడి లేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. గాలి ఎటు నుంచి వస్తే పొయ్యి నోరు ఎటు తిప్పాలో, తడి కట్టెను పొయ్యి పక్కన ఎలా ఆరబెట్టుకోవాలో అక్కడ ఏ ముసలమ్మనైనా గంటసేపు చూస్తే చాలు.

ఇక అసలు సంగతి. వీడియోల్లో నిప్పు పుట్టించడమే పెద్ద విద్యలా చూపిస్తారు. మన పాతవాళ్లు నిప్పు రోజూ పుట్టించలేదు. పుట్టిన నిప్పును చావనివ్వలేదు. మా నాయనమ్మ రాత్రి వంట అయ్యాక పొయ్యిలో లావుపాటి తుమ్మ మొద్దు కణికలను ఒకచోటికి తోసి, పైన బూడిద మెత్తగా కప్పేది. నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకు అంటాం. ఆమెకు అది రోజువారీ పని. బూడిద గాలిని పూర్తిగా ఆపదు, సన్నగా వదులుతుంది. దాంతో కణిక ఆరిపోదు, త్వరగా కాలిపోదు. తెల్లారి నివురు తీసి, నాలుగు పత్తికట్టె పుల్లలు పెట్టి ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే మంట. ఎప్పుడైనా ఆరిపోతే నన్ను పక్కింటికి పంపేది. చేతిలో పిడక ముక్క, దాని మీద కణిక, పైన ఇంకో పిడక ముక్క. అగ్గిపెట్టె ఇంట్లో ఉండేది, దేవుడి గూట్లో. దాన్ని ముట్టుకుంటే దండుగ అనేది.

నువ్వు మొదట నేర్చుకోవాల్సింది ఇదే. ఈ ఆదివారం అగ్గిపుల్లతోనే మంట పెట్టు, సిగ్గేం లేదు. తుమ్మ, సండ్ర, చిరుమాను లాంటి బరువు కట్టె కాల్చి కణికలు చెయ్యి. రాత్రి తొమ్మిదికి బూడిద కప్పు. పొద్దున ఆరింటికి మళ్లీ మంట లేపు. అగ్గిపుల్ల లేకుండా మూడు రోజులు ఒకే నిప్పు నడిపించగలిగితే నీకు కట్టె తెలిసినట్టు, గాలి తెలిసినట్టు. మోదుగ కట్టెతో ప్రయత్నించి చూడు, ఎందుకు కుదరదో నీకే అర్థమవుతుంది. భగ్గుమని మండి పొట్టులాంటి బూడిద మిగులుస్తుంది. పిడక దీనికి తిరగబడ్డ రకం, మంట తక్కువ, ఓపిక ఎక్కువ. దాలిలో, అంటే పిడకలు పెట్టే గుంటపొయ్యిలో, పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా మీగడ కట్టేది పిడక పుణ్యమే. ఆవుపేడ పిడక ముక్క ఒక చివర అంటించి, పాత మట్టి ముంతలో బూడిద మధ్య పెడితే గంటల తరబడి నిప్పు నీతో నడుస్తుంది. మిరపకట్టె మాత్రం దగ్గరికి రానివ్వకు. అందులో నాలుగు ఎండు కాయలు మిగిలి ఉన్నా వాడంతా దగ్గుతుంది.

మంట పేర్చడంలో అందరూ చేసే తప్పు ఒకటే, లావు కట్టె తొందరగా పెట్టేయడం. చీపురు పుల్ల మందం ఒక గుప్పెడు, చిటికెన వేలు మందం రెండు గుప్పెళ్లు, బొటనవేలు మందం ఒక చంకెడు. ఇవి పక్కన పేర్చుకున్నాకే నిప్పు ముట్టుకోవాలి. నిప్పు వచ్చాక పుల్లల కోసం పరిగెత్తేవాడి మంట వాడు తిరిగొచ్చేలోపే చస్తుంది. వానాకాలంలో నేల మీద పడిన కట్టె ఏరొద్దు. చెట్టు మీదే ఎండి నిలబడ్డ కొమ్మ చూసుకో. పై బెరడు తడిసినా చీల్చితే లోపల పొడిగా ఉంటుంది. ఎండు వెదురు చీల్చి కత్తితో సన్నగా పొరలు లేపితే వానలో కూడా అందుకుంటుంది.

అప్పుడు చెకుముకి. ఇది మనది, తాతల దగ్గర సంచిలో ఉండేది. రాయి, ఉక్కు, దూది మూడు ఉంటే చాలు. రాయిలోంచి నిప్పు వస్తుందని చాలామంది అనుకుంటారు. రాయి అంచు ఉక్కును సన్నగా చెక్కుతుంది, ఆ చెక్కుడు రజను గాలి తగిలి మండుతుంది. మండేది ఇనుమే. దానికి గట్టి ఉక్కు కావాలి, మెత్తటి స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాతో ఎంత కొట్టినా రవ్వ రాదు. పాత ఆకురాయి ముక్క అన్నిటికంటే మేలు, కమ్మరి చేసిన పాత కొడవలి వీపు కూడా పనికొస్తుంది. రాయికి వరంగల్ చుట్టూ పలుగురాయి ఎక్కడైనా దొరుకుతుంది. మన గుట్టల గ్రానైటులో తెల్లటి చారలుగా కనిపించేది అదే. కానీ దాని అంచు తొందరగా పొడి అవుతుంది. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డుకు పోతే గులకల్లో మైనంలా మెరిసే గోధుమరంగు, బూడిదరంగు రాళ్లు దొరుకుతాయి. ఎగువన మహారాష్ట్ర నల్లరాతి నేలల నుంచి నది దొర్లించుకొచ్చినవి. పగలగొడితే గాజులా అంచు వస్తుంది, రవ్వ బాగా ఇస్తుంది. కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, పెంకు ఎగిరి కంట్లో పడితే ఆసుపత్రి పని.

రవ్వను పట్టేది దూది కాదు, కాలిన దూది. మన జిల్లాలో పత్తికి కొదవ లేదు గానీ తెల్ల పత్తి మీద చెకుముకి రవ్వ నిలవదు. పాత నూలు పంచె ముక్కలు చిన్న డబ్బాలో పెట్టి, మూతకు మేకు పట్టేంత బొక్క పెట్టి, మంట మీద ఉంచు. బొక్కలోంచి పొగ ఆగిపోయేదాకా ఉంచి దించు. చల్లారకుండా మూత తీయకు, గాలి తగలగానే మొత్తం అంటుకుంటుంది. నేను మొదటిసారి అలాగే బూడిద చేసుకున్నాను. సరిగ్గా చేస్తే నల్లటి పెళుసు గుడ్డ వస్తుంది. అందులో పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి ముద్దవుతుంది, నూలే కావాలి. రవ్వ పడిన చోట ఎర్రటి చుక్క పాకుతుంది. దాన్ని కొబ్బరి పీచు గూడులో పెట్టి ఊదు. జిల్లేడు దూది, బూరుగు దూది చూడ్డానికి బాగుంటాయి, కానీ భుగ్గున పోతాయి. పీచులో కొంచెం పిడక పొడి నలిపి కలిపితే నిప్పు నిలబడుతుంది.

ఇప్పుడు నీ విల్లు దగ్గరికి వద్దాం. ఇదేదో విదేశీ విద్య అనుకుంటున్నావేమో, యజ్ఞాలు చేసేవాళ్లు ఇప్పటికీ అరణితో చేసేది ఇదే. జమ్మి మీద మొలిచిన రావి కొయ్యతో అరణి చేయాలని పాత నియమం. తాడు చుట్టి కవ్వంలా చిలుకుతారు. ఒకరు పైన నొక్కి పట్టుకుంటే మరొకరు తాడు లాగుతారు. గమనించు, అక్కడ కూడా ఒంటరిగా చేయరు. మీరు ముగ్గురు దోస్తులూ మార్చి మార్చి లాగితే సగం కష్టం తీరుతుంది.

పొగ వచ్చి నిప్పు రాలేదంటే, తిరిగే కర్ర కింద పెట్టిన పలక మీద పొడి చూడు. లేత గోధుమరంగులో నూగులా ఉంటే వేడి చాలలేదు, నొక్కు పెంచాలి. కాఫీపొడిలా నల్లగా ఉండి కుప్పగా చేరకుండా చెదిరిపోతే గాడి సరిగ్గా తీయలేదన్నమాట. పలక అంచు నుంచి కర్ర తిరిగే గుంట నడిమి దాకా దాదాపుగా వచ్చేలా, రొట్టెలోంచి సన్నటి ముక్క కోసినట్టు గాడి తీయాలి. ఆ గాడిలోనే పొడి నిండి ఒత్తుకోవాలి, విడివిడిగా పడితే వేడి పోతుంది. కింద పొడి ఆకు పెట్టు, నేల చెమ్మ కణికను చంపుతుంది. కర్రను పైనుంచి నొక్కే పట్టులో కాస్త నూనెగానీ సబ్బుగానీ రాయి, రాపిడి కిందే ఉండాలి, పైన కాదు. ఇక ముఖ్యమైంది, తిప్పడం ఆపాక కూడా పొడి కుప్పలోంచి సన్నగా పొగ లేస్తుంటే కణిక పుట్టినట్టే. అప్పుడు తొందరపడి ఊదకు. అర నిమిషం చేత్తో విసురు, గట్టిపడనివ్వు. కర్రలోంచి ఎంత పొగ వచ్చినా లెక్కలోకి రాదు, కుప్పలోంచి రావాలి.

ఏ కర్ర అన్నావు. టేకు చేవ, సండ్ర, తుమ్మ వద్దు, గట్టివి మెరుగెక్కి జారిపోతాయి. బొటనవేలి గోరుతో నొక్కితే గుర్తు పడేంత మెత్తగా, పెళుసుగా కాకుండా, నిలబడే ఎండినది కావాలి. నాకు కుదిరింది కిత్తనార. చేను గట్ల మీద, రైలు పట్టాల పక్కన ముళ్లాకుల మధ్య నుంచి పొడుగ్గా గెడ లేచి, పూత పూసి, చెట్టుతో సహా ఎండిపోతుంది చూడు, ఆ గెడ. పలకకు అదే, తిప్పే కదురుకు అదే. మొదటి నిప్పుకు నాకు 11 రోజులు పట్టింది, అరచేతులు పొక్కులెక్కాయి. పన్నెండో రోజు మా ఆవిడ అగ్గిపెట్టె తెచ్చి ఒళ్లో పడేసి పోయింది.

కట్టెల్లో ఒకటి మాత్రం జీవితంలో మర్చిపోకు, నల్లజీడి. చాకలి గుర్తులు పెట్టడానికి వాడే జీడిగింజ చెట్టు. అప్పటికి నేను కొత్త సారుని. పిల్లలతో పిక్నిక్ పోయి, చీకట్లో ఏరిన కట్టెలో అది కలిసిందని తెలియక పొయ్యిలో పెట్టాను. పొగ తగిలిన నా రెండు చేతులు, మొహం రెండు రోజులకు వాచి నీటిపొక్కులు లేచాయి. చూపించుకున్న చోట దోమకాటు ఎలర్జీ అన్నారు. మూడో రోజు ఒక పిల్లవాడి తాత వచ్చి చూడగానే జీడి పొగ సారూ అన్నాడు. అదే చెట్టు కాయకు పైన నారింజరంగు గుజ్జు ఉంటుంది, ఎండబెట్టి సంతలో అమ్ముతారు, తియ్యగా వగరుగా బాగుంటుంది. కింద వేలాడే నల్ల గింజ మాత్రం రసం తగిలితే చర్మం పొక్కుతుంది. ఒకే కాయలో రెండూ. అలాగే మాంసం కుచ్చి కాల్చడానికి గన్నేరు పుల్ల ఎప్పుడూ వాడొద్దు, ఆ చెట్టు అంతా విషమే.

బంకల గురించి కూడా ఒక ముక్క. తడి రోజుల్లో చెట్టు బంకతో నిప్పు అంటించొచ్చని వీడియోల్లో చూపిస్తారు. అది అన్ని బంకలకూ కాదు. గుట్టల మీద ఉండే అందుగు చెట్టు జిగురు సాంబ్రాణి జాతి, చక్కగా మండుతుంది, వాసన కూడా బాగుంటుంది. తపసి బంక అలా కాదు, నీళ్లలో ఉబ్బే రకం, నిప్పులో పెడితే బుడగలొచ్చి మాడుతుంది. అది గిరిజనులు గాటు పెట్టి తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముకునే సరుకు, నువ్వు గీకి పారేయడానికి కాదు.

ఆర్పడం. మట్టి కప్పి పోవద్దు. కప్పితే ఏమవుతుందో పైన చెప్పాను కదా, నివురు. లోపల వేరు అంటుకుని మర్నాడు వేరేచోట లేస్తుంది. నీళ్లు పోసి, కట్టెతో కలిపి, మళ్లీ పోయాలి. చెయ్యి వెనకవైపు పెడితే వెచ్చదనం తెలియకూడదు.

నీళ్ల సంగతి నువ్వు అడగలేదు గానీ ఆకలికంటే ముందు దాహం వస్తుంది. ఎండిన వాగులో ఇసుక తోడితే చెలిమ ఊరుతుంది. జంపన్న వాగులో జాతరకు వచ్చినవాళ్లు చెలిమలు తోడుకుని తాగిన కాలం నాకు గుర్తుంది. మొదట ఊరిన నీళ్లు రెండు మూడుసార్లు తోడిపోస్తే తేటబడతాయి. బురద నీళ్లయితే చిల్లగింజ అరగదీసి కలుపుతారు, మడ్డి అడుక్కు దిగుతుంది. తేటబడినంత మాత్రాన మంచినీళ్లు కాదు, కళపెళ కాగబెట్టాకే తాగు. ఇంకొకటి, చిల్లగింజకు సొంత అన్నలాంటిది విషముష్టి. చిల్లగింజ చిన్నగా గుండ్రంగా ఉంటుంది. ముష్టిగింజ పాత పైసా బిళ్లలా చపటగా, బూడిదరంగు నూగుతో పట్టులా మెరుస్తుంది. అందులో ఉన్నది స్ట్రిక్నిన్, ప్రాణం తీసేది. ముష్టి పండు నారింజరంగులో ముచ్చటగా ఉంటుంది. పక్షులు, కోతులు దాని గుజ్జు తింటాయి. అవి తిన్నవి మనమూ తినొచ్చన్న మాట దీంతోనే కొట్టుకుపోయింది.

తిండి దగ్గరికి వస్తే, రెండు రాత్రులు అడవి తిండితో ఉండాలన్న ఆలోచన వదిలేయ్. బియ్యం, పప్పు తీసుకుపో. అడవిలో పుట్టిపెరిగినవాళ్లు కూడా గంజికి తోడుగా అడవి తిండి తింటారు, ఒట్టి అడవి తిండితో కాదు. పైగా ఫిబ్రవరి చెడ్డ నెల. రేగు అయిపోయి ఉంటుంది, ఇప్ప ఇంకా రాలదు, తునికి, మొర్రి, పాలపండు ఏప్రిల్, మే నెలల దాకా రావు. ఈత జూన్‌లో, నేరేడు తొలివానలకు, బోడకాకర వానల్లో, సీతాఫలం దసరా తర్వాత, ఉసిరి కార్తీకంలో. అడవి కొట్టు కాదు, ఎప్పుడు పోయినా అన్నీ ఉండవు.

వంద మొక్కల పేర్లు చెప్పమన్నావు. ఐదే చెప్తాను, కానీ ఐదింటినీ ఏడాది పొడుగునా చూడు. చిగురు వేసినప్పుడు, పూసినప్పుడు, కాయ పచ్చిగా ఉన్నప్పుడు, మోడుగా నిలబడ్డప్పుడు. మొదటిది తునికి. బీడీ ఆకు చెట్టు, పొద మీద ఆకు తోలులా ఉంటుంది, పెద్ద చెట్టు బెరడు మొసలి వీపులా నల్లగా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. పండు పసుపురంగు, సపోటాలాంటి తీపి. బాగా మాగకుండా తింటే నోరు పిడచగడుతుంది. రెండోది మొర్రి. పండు మీద పలచటి గుజ్జు, లోపలి పప్పే పాయసంలో వేసే సారపప్పు. కాయ కోసం కొమ్మలు నరికేవాళ్లు ఉన్నారు, నువ్వు రాలింది ఏరుకో.

మూడోది ఇప్ప. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది, మెత్తగా, తేనె వాసనతో. పచ్చిగా నాలుగు తింటే బాగుంటుంది, గుప్పెడు తింటే తల తిరుగుతుంది. ఎండబెట్టి వేయించి తినడం పద్ధతి. రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆ చెట్లకు యజమానులు ఉంటారు. కాగితం మీద కాకపోయినా ఏ చెట్టు ఏ ఇంటిదో గూడెంలో అందరికీ తెలుసు. చిన్న అటవీ ఉత్పత్తుల మీద 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది అడవిలో బతికేవాళ్లకు, టూరిస్టుకు కాదు. అడిగి తీసుకో, కాదనరు. రెండు, అదే వేళకు అదే పువ్వు కోసం ఎలుగుబంటి వస్తుంది. చీకటితో ఒంటరిగా ఇప్పచెట్టు కిందికి పోవద్దు.

నాలుగు, ఐదు అడవిలోవి కావు, మీ ఊరి చెలకలోవే. వినాయక చవితికి వండే తుమ్మికూర, బతుకమ్మలో పేర్చే గునుగు. గునుగు పువ్వు అందరికీ తెలుసు, దాని లేత ఆకు కూరగా వండుతారని హనుమకొండ పిల్లలకు తెలియదు. నిజానికి బతుకమ్మ పువ్వుకు పోయే ఆడవాళ్ల వెంట తొమ్మిది రోజులు తిరిగితే ఏ వీడియో నేర్పనంత నేర్చుకుంటావు. తంగేడు ఏ గుట్ట మీద, గునుగు ఏ చేలో, ఏ గట్టు మీద ఏం ముల్లు, వాళ్లకు కంఠతా.

ఏడాది పొడుగునా ఎందుకు చూడాలంటున్నానో దుంపల సంగతి చెప్తే తెలుస్తుంది. అడవి దుంపలు తవ్వేది చలికాలం దాటాక, తీగ ఎండిపోయినప్పుడు. అప్పుడు నీకు కనిపించేది ఎండు తీగ ముక్క, కింద దుంప. అదే పొదల్లో అడవినాభి దుంప కూడా ఉంటుంది. వానాకాలంలో అయితే చిన్నపిల్లవాడు కూడా దాన్ని గుర్తుపడతాడు. అగ్గిమంటలా ఎరుపు పసుపు రేకులు పైకి తిరిగి ఉంటాయి, ఆకు చివర తీగలా చుట్టుకుంటుంది. ఎండాకాలంలో ఆ గుర్తులేవీ ఉండవు. మిగిలేది నాగలిలా వంగిన దుంప ఒక్కటే. అందులో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. తిన్న వెంటనే ఏమీ అనిపించదు, గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలై అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతింటాయి. నాలుక మీద పెట్టి చూసి, కాసేపు ఆగి, కొంచెం తిని చూసే పద్ధతి ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. ఇలాంటి వాటి ముందు ఆ పద్ధతి పనిచేయదు. తినే దుంపల్లో కూడా కొన్ని సన్నగా తరిగి పారే వాగులో రోజుల తరబడి నానబెడితేగానీ చేదు, విషం పోవు. వానల్లో తీగ చూసి గుర్తు పెట్టుకున్నవాడే ఎండల్లో తవ్వాలి. నేను ఇప్పటికీ సొంతంగా తవ్వను, తవ్వేవాళ్ల వెంట పోతాను.

ఆకుకూరల్లో కూడా ఇలాంటి జంట ఒకటి ఉంది. తొలివానకు గట్ల మీద గుంపుగా లేచే తగిరిస లేత ఆకును కూర చేసుకుంటారు, కొన్నిచోట్ల తంటెం అంటారు. మూడు జతల ఆకులు, చివర గుండ్రంగా, కాయ సన్నగా పొడుగ్గా వంగి ఉంటుంది. పక్కనే పెరిగే కసివిందకు ఆకులు నాలుగైదు జతలు, చివర మొనదేలి ఉంటుంది, కాయ చపటగా పైకి నిలబడుతుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముంగిట చిన్నపిల్లలు చనిపోతుంటే ఏళ్ల తరబడి మెదడువాపు జ్వరం అనుకున్నారు. చివరికి 2000 తర్వాతి సంవత్సరాల్లో డాక్టర్లు తేల్చింది కసివింద గింజలని, పిల్లలు ఆటలో తిన్నారని. మన ఊళ్లలో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉంది అది.

పుట్టకొక్కులు అడగలేదు గానీ వానల్లో నువ్వు అడుగుతావు. చెదపుట్టల దగ్గర లేచేదానికి కాడ కింద వేరులా పొడుగ్గా పుట్టలోకి దిగి ఉంటుంది. పైకి పీకకుండా తవ్వి చూస్తేనే తెలుస్తుంది. పచ్చిక మీద, పెంట మీద లేచి, కాడకు ఉంగరం ఉండి, గొడుగు కింది పొరలు ముదిరేకొద్దీ ఆకుపచ్చగా తిరిగేది తింటే వాంతులే. వెల్లుల్లి వేస్తే నల్లబడుతుంది, వెండి వేస్తే రంగు మారుతుంది అనేవన్నీ ఒట్టి మాటలు. ఏదైనా తిని కడుపులో తేడా చేస్తే, తగ్గుతుందేమో అని చూడకుండా 108కి ఫోన్ చెయ్యి, తిన్నదాని ముక్క వెంట పట్టుకుపో.

కొనుక్కోవడానికి పెద్దగా ఏమీ లేదు. వేలు పెట్టి విదేశీ కత్తి వద్దు, ఊరి కమ్మరి దగ్గర చిన్న కత్తి, కొడవలి చాలు. ఫెర్రో రాడ్, అంటే గీకితే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ, కొనుక్కుంటానంటే కొను, తడిసినా పనిచేస్తుంది, చెడ్డదేం కాదు. దాంతో పాటు అగ్గిపెట్టెలు రెండు, విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, ఒకటి నీ దగ్గర, ఒకటి దోస్తు దగ్గర. బొగత జలపాతం దారిలో ఒకసారి రెండూ నా జేబులోనే పెట్టుకుని వాగు దాటాను, ఆ రాత్రి చల్లటి అటుకులు తిన్నాం. వానలు పడ్డాక జులైలో రా, బోడకాకర తీగలు చూపిస్తాను. పొద్దున్నే రా, ఎండెక్కితే నేను నడవలేను.